కణంలో వల ఎవరు అల్లుతున్నారు?



పోయిన నెల సైన్సు మూలలో అంటించిన కణం చార్టు నేనే వేశాను. అందులో అంతర్జీవ ద్రవ్యజాలాన్ని కేంద్రకం పక్కన నాలుగు వంకర గీతలుగా గీసి, వాటి మీద చుక్కలు పెట్టి వదిలేశాను. పాఠ్యపుస్తకంలో బొమ్మ కూడా అంతే కదా అనుకున్నాను. ఏడో తరగతి చెల్లి ఒకామె చార్టు దగ్గర నిలబడి, "అక్కా, జాలం అంటే వల కదా, ఇందులో వల ఎక్కడుంది?" అని అడిగింది. నాకు జవాబు రాలేదు. "పరీక్షలో ఇలాగే వేస్తే మార్కులు పడతాయిలే" అని పంపించేశాను. తర్వాత నాకే సిగ్గేసింది. మా బయాలజీ మేడంని అడిగితే రెండు ఆదివారాలు కూర్చోబెట్టి చెప్పారు. ఆ చెల్లికి ఇవ్వాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. నా చార్టులో ఉన్నవి గీతలు. నిజంగా కణంలో ఉన్నవి గీతలు కావు, పొరతో చేసిన సన్నటి గొట్టాలు, పలకల్లాంటి చదును సంచులు. గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుని కణం అంతటా వలలాగా పరుచుకుని ఉంటాయి. పలకలు ఎక్కువగా కేంద్రకం దగ్గర ఉంటాయి. కేంద్రకం చుట్టూ ఉండే పొర కూడా వీటితో కలిసే ఉంటుంది. అంటే అదంతా ఒకటే పొర, లోపల ఉన్న ఖాళీ కూడా ఒకటే. మనలాంటి జంతువుల కణాల్లో ఉన్న పొరలన్నీ కలిపి చూస్తే సగం కంటే ఎక్కువ దీనిదేనట. కణం బయటి పొర దీని ముందు చాలా తక్కువ. నేనేమో చార్టులో ఒక మూల పెట్టాను!

ఒక గొట్టం మందం సుమారు 50 నుంచి 100 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరుని పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. మన తల వెంట్రుక ఒకటి తీసుకుంటే, దాని మందంలో ఇలాంటి గొట్టాలు దాదాపు వెయ్యి పక్కపక్కన పడతాయి. అందుకే మన ల్యాబులో ఉన్న సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర కణం గోడ కనిపిస్తుంది, కేంద్రకం కనిపిస్తుంది, ఇది మాత్రం కనిపించదు.

మొదట చూసినవాళ్ళు అమెరికాలో న్యూయార్క్‌లో పనిచేసిన కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్. 1945లో కోడి పిండం కణాలని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో పెట్టి ఫోటో తీస్తే లేసు అల్లికలాంటిది కనిపించింది. అది కణం లోపలి భాగంలోనే ఉందనుకుని, ఆ అర్థం వచ్చేలా పోర్టర్ తర్వాత పేరు పెట్టాడు. మన తెలుగు పేరులో 'అంతర్' అని ఉన్నది కూడా అదే. తీరా చూస్తే అది అంచుల దాకా ఉంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. 1974లో ఈ కణ పరిశోధనలకి నోబెల్ బహుమతి క్లాడ్, జార్జ్ పలాడే, క్రిస్టియన్ డి డ్యూవ్ ముగ్గురికి ఇచ్చారు. పోర్టర్‌కి ఇవ్వలేదు. నాకైతే అది అన్యాయం అనిపించింది.

సరే, వల ఉందని తెలిసింది. దాన్ని ఎవరు అల్లారు? అసలు విషయం ఇక్కడే ఉంది.

కణం పొర కొవ్వు పదార్థంతో చేసింది. రెండు వరసల కొవ్వు అణువులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. దాన్ని దాని మానాన వదిలేస్తే చదునుగా పరుచుకుంటుంది, లేకపోతే పెద్ద బుడగలాగా అవుతుంది. అంత సన్నటి గొట్టంలాగా తనంతట తాను ఉండదు. అడ్డాకు చూడండి, కోసి పెడితే చదునుగా ఉంటుంది. మడిచి పుల్ల గుచ్చితేనే డొప్ప అవుతుంది. పుల్ల తీసేస్తే మళ్ళీ విచ్చుకుంటుంది. మరి పొరకి పుల్ల ఎవరు గుచ్చుతున్నారు అని శాస్త్రవేత్తలు చాలా కాలం వెతికారు.

2006లో అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో టామ్ రాపోపోర్ట్, గియా వోల్ట్జ్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు దీనికి జవాబు కనిపెట్టారు. గియా వోల్ట్జ్ ఆడమనిషి, ఇది మన హాస్టల్లో అందరికీ తెలియాలని రాస్తున్నాను. వాళ్ళు కప్ప గుడ్ల నుంచి తీసిన పొరలతో గాజు పలక మీద వల ఏర్పడేలా చేశారు. ఒక రసాయనం కలిపితే వల ఏర్పడటం ఆగిపోయింది. ఆ రసాయనం ఎవర్ని పట్టుకుందా అని చూస్తే రెటిక్యులాన్ అనే ప్రోటీన్ దొరికింది. దాని పనే చేసే ఇంకో ప్రోటీన్ కూడా ఉంది, దాని పేరు డీపీ1. రొట్టె పొంగించే ఈస్టులో ఈ జాతి ప్రోటీన్లని తీసేస్తే గొట్టాలు తగ్గిపోయి పలకలు పెరిగాయి. అంటే పుల్ల ఇవేనన్నమాట.

ప్రోటీన్ పొరని ఎలా వంచుతుంది? నాకు ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. అప్పుడు మేడం ధింసా గుర్తు చేసుకోమన్నారు. ధింసా ఆడేటప్పుడు ఒకరి నడుం వెనక ఒకరం చెయ్యి వేసి వరస కడతాం కదా. అలాంటి రెండు వరసలు ఒకదాని వెనక ఒకటి అంటుకుని నిలబడ్డాయనుకోండి. ముందు వరసలో అందరూ మామూలుగా ఉన్నారు. వెనక వరసలో మాత్రం మధ్యమధ్యలో కొంతమంది చంకలో బిందె పెట్టుకుని దూరారు. ఇప్పుడు వెనక వరసకి ఎక్కువ చోటు కావాలి, ముందు వరసకి అక్కర్లేదు. కానీ రెండు వరసలూ విడిపోకూడదు. ఏమవుతుంది? వరస దానంతట అదే వంగిపోతుంది. బిందెలున్నవాళ్ళు బయటి వైపు, లేనివాళ్ళు లోపలి వైపు. ఇంకా బిందెలు పెరిగితే పూర్తిగా గుండ్రం తిరిగిపోతుంది. రెటిక్యులాన్ చేసేది ఇదే. అది పొర బయటి వరసలోకి ముళ్ళలాగా దిగి చోటు ఆక్రమిస్తుంది, లోపలి వరసలో అంతగా దిగదు. పైగా అవి ఒకదాని పక్కన ఒకటి చేరి గొట్టం చుట్టూ వంపు తిరిగిన బద్దలాగా కూడా పట్టుకుంటాయి. బుట్ట అల్లేటప్పుడు వెదురు బద్ద వంచి కడతారే, అలాగ.

మేం పదహారు మందిమి సాయంత్రం ఆటల పీరియడ్‌లో బిందెలు లేక స్కూలు బ్యాగులు పెట్టుకుని ఇది చేసి చూశాం. నిజంగానే వంగింది. బెల్లు కొట్టినా వినపడక తిట్లు కూడా తిన్నాం.

ఇవే ప్రోటీన్లు పలకల అంచుల్లో కూడా ఉంటాయి. పలక మధ్యలో చదునే కానీ అంచు దగ్గర పొర వంపు తిరగాలి కదా, అక్కడ వీటితో పని. ఈ ప్రోటీన్ ఎక్కువైతే గొట్టాలు ఎక్కువవుతాయి, తక్కువైతే పలకలు ఎక్కువవుతాయి. ఇలా ఒక్క ప్రోటీన్ ఎంత ఉందో దాన్నిబట్టి మొత్తం రూపం మారుతుంది.

పలకలకి ఇంకో ప్రోటీన్ ఉంది, క్లింప్-63. మన రెండంతస్తుల మంచం ఉంది కదా, కింది మంచానికి పై మంచానికి మధ్య నాలుగు రాడ్లు ఉంటాయి. అవి పొడుగైతే సందు పెద్దది, పొట్టిగా ఉంటే చిన్నది. పలకలో పై పొరకి కింది పొరకి మధ్య ఈ క్లింప్-63 రాడ్డులాగా నిలబడి సుమారు 50 నానోమీటర్ల సందు ఉంచుతుంది. దాన్ని తీసేసి చూస్తే పలకలు పోలేదట, సందు మాత్రం సన్నబడింది. పలకలు ఒకదాని మీద ఒకటి దొంతరగా ఉన్నచోట వాటిని కలుపుతూ మెలికలు తిరిగిన దారులున్నాయని 2013లో ఎలుక కణాల్లో చూశారు. మన ఘాట్ రోడ్డు లాంటివే.

ఇప్పుడు వల సంగతి. గొట్టాలు ఉంటే చాలదు, అవి అతుక్కోవాలి. ఈ పని చేసేది అట్లాస్టిన్. దీని సంగతి 2009లో తెలిసింది. కణంలో సన్నటి దారాల్లాంటి పట్టాలుంటాయి. వాటి మీద నడిచే మోటారు ప్రోటీన్లు గొట్టాన్ని పట్టుకుని లాక్కుపోతాయి. అలా పోతూ పోతూ ఇంకో గొట్టం తగిలితే, ఈ గొట్టం మీద ఉన్న అట్లాస్టిన్, ఆ గొట్టం మీద ఉన్న అట్లాస్టిన్ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. పట్టుకుని మడత పడి రెండు పొరల్నీ దగ్గరికి లాగుతాయి. ఎంత దగ్గరికంటే పొరలు కలిసిపోయి ఒకటే అయిపోతాయి. దీనికి శక్తి కావాలి. మనం ఏటీపీ చదివాం కదా, దానికి తమ్ముడిలాంటి జీటీపీ అనే అణువుని ఖర్చు పెట్టి ఈ పని చేస్తుంది. మొక్కల్లోనూ ఈ జాతి ప్రోటీన్ ఉంది. ఆవాల కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కలో అది చెడిపోతే వేరు మీద ఉండే నూగు వెంట్రుకలు పొట్టిగా, వంకరగా పెరుగుతాయి. చూడండి, నానోమీటర్లలో ఉన్నది చెడితే వేరు మీద కనపడిపోతోంది.

మూడు గొట్టాలు కలిసే చోట ముడి ఉంటుంది. చేపల వలలో ముడి దగ్గర నాలుగు వైపులకి దారం పోతుంది, ఇక్కడ మూడు వైపులకే. ఈ ముళ్ళు ఊరికే ఉండవు, జరుగుతూ ఉంటాయి. గొట్టానికి పొట్టిబడిపోవాలని ఉంటుంది కాబట్టి వల కన్నులు మూసుకుపోతూ ఉంటాయి. ముడి దగ్గర కూర్చుని తొందరగా పోకుండా నిలబెట్టేది లూనాపార్క్ అనే ప్రోటీన్. పేరు వింటే తిరునాళ్ళలో రంగులరాట్నం గుర్తొస్తుంది కానీ పని మాత్రం ముడి కాపలా. అది ఉన్న ముళ్ళు ఎక్కువ సేపు నిలుస్తాయి, లేనివి తొందరగా పోతాయి.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది ఇది. మా అయ్య అల్లిన చేపల వల గుంజకి తగిలించి ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోయినా మళ్ళీ వానాకాలం దాకా వల వలగానే ఉంటుంది. కణంలో వల అలా ఉండదు. వెలుగు ఇచ్చే ప్రోటీన్ తగిలించి బతికున్న కణంలో చూస్తే కొన్ని సెకన్లలోనే కొత్త గొట్టాలు సాగుతుంటాయి, పాతవి ముడుచుకుంటుంటాయి, కన్నులు మూసుకుపోతుంటాయి, మళ్ళీ కొత్త కన్నులు ఏర్పడుతుంటాయి. తెగుతూ అతుక్కుంటూ ఉంటేనే అది వల.

దీన్ని 2017లో రాపోపోర్ట్ వాళ్ళే చాలా బాగా చూపించారు. ఈస్టు నుంచి శుభ్రం చేసి తీసిన ప్రోటీన్లు రెండు రకాలే తీసుకున్నారు. వంచేది ఒకటి, అతికించేది ఒకటి. వాటిని కొవ్వు బుడగల్లో పెట్టి జీటీపీ పోశారు. అంతే, గాజు పలక మీద వల తయారైంది! కణం లేదు, కేంద్రకం లేదు, పట్టాలు లేవు. రెండు రకాల ప్రోటీన్లు, కొవ్వు, శక్తి ఇచ్చే అణువు. కానీ శక్తి అందకుండా చేస్తే అతికించేది ఆగిపోయింది. వంచేది మాత్రం వంచుతూనే ఉంది. దాంతో వల ముక్కలు ముక్కలై చిన్న బుడగలుగా విడిపోయింది. నేను ఇది విని చాలాసేపు ఆలోచించాను. వంచేది మంచిదే అనుకున్నాం కదా, అతికించేది పక్కన లేకపోతే అదే వలని ముక్కలు చేస్తుంది.

ఇంత కష్టపడి ఈ ఆకారం ఎందుకు అంటే, పనిని బట్టి. పలకల మీద రైబోజోములు కూర్చుని ప్రోటీన్లు తయారుచేస్తాయి. అందుకే జీర్ణరసాలు తయారుచేసే క్లోమం కణాల్లో పలకలు దొంతర్లు దొంతర్లుగా ఉంటాయి. కండరాల కణాల్లో రైబోజోములు లేని నునుపు రకం ఎక్కువ, కాల్షియం దాచుకునేది అక్కడే. నాడీకణానికి పొడుగాటి తోక ఉంటుంది, దాన్ని తంత్రికాక్షం అని చదివాం. అందులో చివరిదాకా సన్నటి గొట్టాలే పోతాయి.

ఈ నాడీకణం దగ్గరే నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఉంది. మెదడు నుంచి వెన్నుపాము కింది భాగం దాకా, అంటే కాళ్ళని కదిలించే చోటు దాకా పోయే తంత్రికాక్షం పెద్దవాళ్ళలో దాదాపు మీటరు పొడుగు ఉండొచ్చు. ఒకే ఒక్క కణం! అంత పొడుగునా గొట్టాన్ని తెగకుండా ఉంచాలి. అట్లాస్టిన్ తయారుచేసే జన్యువులో తప్పు ఉంటే మిగతా కణాలు ఎలాగో నెట్టుకొస్తాయి కానీ ఈ పొడుగాటి కణాలు నెట్టుకురాలేవు. ముందు చివర్లు దెబ్బతింటాయి. అప్పుడు కాళ్ళు బిగుసుకుపోతాయి, మడమ ఆనదు, నడుస్తుంటే మోకాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయి. ఈ జబ్బు పేరు హెరిడిటరీ స్పాస్టిక్ పారాప్లీజియా. అట్లాస్టిన్ తప్పు వల్ల వచ్చే రకం ఎక్కువగా చిన్నప్పుడే మొదలవుతుంది. రెటిక్యులాన్-2, డీపీ1 కుటుంబంలోని రీప్1, ఇంకా స్పాస్టిన్ అనే ప్రోటీన్, వీటి జన్యువుల్లో తప్పు ఉన్నా ఈ జబ్బే వస్తుంది. అంటే వల పనివాళ్ళలో ఎవరు చెడినా దెబ్బ కాళ్ళకే తగులుతోంది. చాలామందిలో తెలివికి ఏ లోటూ ఉండదు. పూర్తిగా తగ్గించే మందు లేదు కానీ వ్యాయామాలతో, మందులతో బిగువు తగ్గించవచ్చు. ఈ రకాల్లో చాలావరకు తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ రావడానికి సగం అవకాశం ఉంది.

ఇది విన్నప్పుడు మా ఊళ్ళో ఒక ఇల్లు గుర్తొచ్చింది. ఆ ఇంట్లో తాతకి కాళ్ళు బిగుసుకుపోయాయి. తర్వాత ఆయన కొడుక్కి. ఇప్పుడు మనవరాలు మునివేళ్ళ మీద నడుస్తోంది, దానికి ఆరేళ్ళు. ఊళ్ళో అందరూ చిల్లంగి అన్నారు. గెడ్డ అవతల ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ మీద పెట్టారు. పంచాయతీ పెట్టి, గురువుని పిలిచి, ఆమెని నానా మాటలన్నారు. ఆమె రాత్రికి రాత్రే మేకని తోలుకుని కూతురి ఊరికి వెళ్ళిపోయింది. నేను అప్పుడు ఐదో తరగతి. నేను కూడా నమ్మాను. ఆమె ఇంటి ముందు నుంచి పరిగెత్తి వెళ్ళేదాన్ని.

ఆ ఇంట్లో వాళ్ళకి ఉన్నది ఈ జబ్బేనని నేను చెప్పడం లేదు. కాళ్ళు బిగుసుకుపోవడానికి చాలా కారణాలుంటాయి. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిన్నా రావొచ్చు, వెన్నెముకకి టీబీ వచ్చినా రావొచ్చు. డాక్టరు చూసి పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరినీ నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళలేదు. మేక, కోడి, బియ్యం గురువుకి ఇచ్చారు. కానీ తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి కూతురికి వరసగా వచ్చిందంటే, గెడ్డ అవతల ఉన్న ముసలమ్మ కంటే ముందు ఆ ఇంటి రక్తసంబంధం వైపు చూడాలి కదా? పైగా తాతకి మొదలైనప్పటికి ఆమె ఇంకా మా ఊరికి కోడలుగా రానే లేదట. ఈ లెక్క ఎవరూ వేయలేదు. మా అమ్మని అడిగితే తను వేలు మడిచి లెక్కపెట్టి, "అవునే" అంది.

అమ్మకి మా భాషలో చెప్దామంటే ప్రోటీన్‌కి మాట దొరకలేదు. అడ్డాకు తీసి మడిచి పుల్ల గుచ్చి, పుల్ల తీసేసి చూపించాను. "పుల్ల సరిగ్గా లేకుండా పుట్టారంటావు, అంతేనా" అంది. అంతే అన్నాను. "మరి ఆ ముసలిదాన్ని ఎవరు తీసుకొస్తారు?" అంది.

సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు ఆ చిన్నపిల్ల వాళ్ళ నాన్నకి ఈ వ్యాసంలో చివరి భాగం చదివి వినిపించి, విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని అడుగుతాను. మేడం ఒక చీటీ రాసి ఇస్తానన్నారు. మా ఊరి ఏఎన్ఎం అక్కకి కూడా చెప్తాను.

పాత చార్టు తీసేసి కొత్త చార్టు ఈ కాగితం పక్కనే అంటించాను. ఆకుపచ్చ గొట్టాలు వల, పసుపు పలకలు కేంద్రకం దగ్గర. ముళ్ళ దగ్గర ఎర్ర చుక్కలు లూనాపార్క్. ఎర్ర స్కెచ్ పెన్ను అయిపోయింది, అందుకే కుడి వైపు ముళ్ళకి బొట్టు బిళ్ళలు అంటించాను, దయచేసి ఎవరూ పీకొద్దు. ఏడో తరగతి చెల్లీ, నువ్వు అడిగిన వల అదే.

— 9వ తరగతి విద్యార్థిని